గానుగ పెడుతున్నారా? మిషన్ సంగతి తర్వాత, ముందు ఏ గింజ ఆడించాలో తేల్చుకోండి

కట్టె గానుగ పెడదామనుకుంటున్నామని నాకు ఫోన్ చేసేవాళ్ళు దాదాపు అందరూ మిషన్ గురించే అడుగుతారు. రోలు చింత కర్రదైతే మంచిదా దిరిసెనదా, మోటారు ఎన్ని హెచ్‌పీ ఉండాలి, సబ్సిడీ వస్తుందా, ఇవీ ప్రశ్నలు. సరే, ఏ గింజ ఆడిస్తారండీ అని నేనడిగితే “అన్నీ ఆడిస్తామండీ, పల్లీ, నువ్వు, కొబ్బరి, కుసుమ...” అని టకటకా చెప్పేస్తారు. అక్కడే నాకు భయమేస్తుంది. మిషన్ ఒక్కసారి కొంటారు, అది మంచిదైనా కాస్త అటూ ఇటూ అయినా నడుస్తుంది. గింజ ప్రతి నెలా కొనాలి, పెట్టుబడిలో సింహభాగం దానికే పోతుంది, పైగా నష్టం వచ్చేదంటూ ఉంటే నూటికి తొంభైసార్లు అక్కడినుంచే వస్తుంది. నాకలాగే వచ్చింది, ఆ కథ కింద చెప్తాను.

ఇక్కడ మాట్లాడేది ఒకటి రెండు గానుగలతో నడిచే చిన్న యూనిట్ల గురించి. ఎక్స్‌పెల్లర్లు (మరతో గట్టిగా పిండేవి), సాల్వెంట్ ప్లాంట్లు (రసాయనంతో నూనె తీసేవి) ఉన్న పెద్ద మిల్లుల లెక్క పూర్తిగా వేరు. వాళ్ళు చెక్కలో, అంటే నూనె తీశాక మిగిలే పిప్పిలో, ఒక శాతం కూడా మిగలకుండా నూనె లాగేస్తారు, మన గానుగ చెక్కలో పదో వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే, నూనె ఉండిపోతుంది. అందుకే వాళ్ళకు గిట్టుబాటయ్యే గింజ మనకు గిట్టుబాటు కాకపోవచ్చు.

గింజను దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది నూనె దిగుబడి. పుస్తకాల్లో రాసిన నూనె శాతం వేరు, గానుగలోంచి డబ్బాలోకి దిగేది వేరు. వేరుశనగ గుళ్ళలో 45 నుంచి 50 శాతం నూనె ఉంటుందంటారు, నిజమే, కానీ గానుగలో వందకిలోలకు 40 కిలోలు చేతికొస్తే సంతోషించాలి. గింజ తేమ, వయసు, తాలు, ఆడించేవాడి చెయ్యి, అన్నీ కలిసి ఆ తేడా తెస్తాయి.

రెండోది చెక్క. ఇది చాలామంది లెక్కలోకే తీసుకోరు. మీ ఊళ్ళో చెక్క ఎవరు కొంటారు, ఏ రేటుకి కొంటారు అన్నది తెలియకుండా నూనె రేటు పెట్టడమంటే కళ్ళు మూసుకుని కాటా వేసినట్టే. నూనెమీద మిగిలేది కొన్నిసార్లు ఖర్చులకే సరిపోయి, చెక్క డబ్బులే లాభంగా నిలుస్తాయి.

మూడోది సరుకు ఎంత దూరం నుంచి, ఎన్నాళ్ళకోసారి వస్తుందన్నది. నాలుగోది, తీసిన నూనె ఎన్నాళ్ళు నిలుస్తుంది, ఎన్నాళ్ళలో అమ్మగలరు. మనం రిఫైన్ చెయ్యం కాబట్టి గింజలో ఉన్న లోపమంతా, వాసనతో సహా, నూనెలోకి దిగుతుంది. పెద్ద మిల్లుకు రిఫైనరీ ఉంది, మనకు గుడ్డ వడపోత, రెండు మూడు రోజులు తేర్చడం తప్ప మరో దిక్కు లేదు.

ఇంకో చిన్న విషయం, లెక్కల్లో చాలామంది ఇక్కడే తప్పుతారు. గింజ కిలోల్లో కొంటాం, నూనె లీటర్లలో అమ్ముతాం. లీటరు నూనె సుమారు 910 గ్రాములే. కిలో ఖర్చునే లీటరు ఖర్చు అనుకుంటే రేటు ఎక్కువ పెడతారు, లీటరు రేటుకి కిలో అమ్మితే మునుగుతారు.

లెక్క ఎలా వేయాలంటే

క్వింటా గింజ ఖరీదులోంచి చెక్క అమ్మితే వచ్చే డబ్బు తీసేసి, మిగిలినదాన్ని దిగిన నూనె కిలోలతో భాగించండి. కింద పట్టికలో గింజ ధరకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధరలు వేశాను (వేరుశనగ, నువ్వు, పొద్దుతిరుగుడు 2025-26 ఖరీఫ్‌వి, మిల్లింగ్ కొబ్బరి, అంటే నూనెకు ఆడించే ఎండుకొబ్బరి, 2025 సీజన్‌ది, కుసుమ 2026-27 రబీ మార్కెటింగ్ సీజన్‌ది). దిగుబడి, చెక్క రేటు మాత్రం లెక్క చూపించడానికి నేను పెట్టుకున్న అంకెలు, మీ ఊరి అంకెలు మీరు వేసుకోవాలి. కరెంటు, కూలి, రవాణా, సీసాలు ఇందులో లేవు.

| గింజ (100 కిలోలు) | ధర రూ. | నూనె కిలోలు | చెక్క కిలోలు | చెక్క కిలో రూ. | కిలో నూనెకు గింజ ఖర్చు రూ. |
|---|---|---|---|---|---|
| వేరుశనగ కాయలు | 7,263 | 28 | 40 | 40 | 202 |
| నువ్వులు | 9,846 | 40 | 57 | 40 | 189 |
| మిల్లింగ్ కొబ్బరి | 11,582 | 60 | 36 | 30 | 175 |
| కుసుమలు | 6,540 | 24 | 72 | 25 | 198 |
| పొద్దుతిరుగుడు | 7,721 | 30 | 66 | 25 | 202 |

వేరుశనగ మద్దతు ధర కాయలకి, గుళ్ళకి కాదు. వంద కిలోల కాయలు ఒలిస్తే మంచి సరుకైతే 70 కిలోల దాకా గుళ్ళొస్తాయి, వాటినుంచి 28 కిలోల నూనె, అలా వచ్చింది ఆ అంకె. కాయ రేటుని గుళ్ళ రేటుగా పొరబడి కాగితంమీద లక్షలు సంపాదించినవాళ్ళని చూశాను.

పట్టిక చూడగానే కొబ్బరే చవక అనిపిస్తుంది. ఆగండి. ఇవి మద్దతు ధరలు, బజారు రేటు వేరుగా నడుస్తుంది. 2025లో కొబ్బరి రేటు మద్దతు ధరను ఎంత దాటిపోయిందో కొబ్బరినూనె కొన్న ఎవరినడిగినా చెప్తారు. నువ్వులు కూడా చాలాసార్లు మద్దతు ధరకు పైనే పలుకుతాయి. పట్టికలోంచి మీరు తీసుకోవాల్సింది లెక్క వేసే తీరు.

వేరుశనగ

మన దగ్గర గానుగ అంటే ముందు పల్లీనూనే. కొనేవాళ్ళకు రుచి తెలుసు, వాసన తెలుసు, రోజూ వంటకు వాడతారు, ఒకసారి నచ్చితే నెలకు ఐదు లీటర్లు అదే ఇంటికి వెళ్తుంది. మిగతా నూనెలకు ఈ సుఖం లేదు. సరుకు కూడా రెండు పంటలు, ఖరీఫ్‌ది అక్టోబరు, నవంబరులో, యాసంగిది తర్వాతి ఏడాది మొదటి నెలల్లో వస్తుంది. అనంతపురం, కర్నూలు వైపు కదిరి రకాలు దొరుకుతాయి, తెలంగాణలో వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ వైపు యాసంగి పల్లీకి మంచి పేరుంది.

కష్టమంతా బూజుతో. పసుపుపచ్చ, ఆకుపచ్చ కలిసినట్టుండే ఒక బూజు వేరుశనగలో అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. పంట చివర్లో వాన లేక నేల ఎండిపోతే ఆ బూజు ఎక్కువగా పడుతుంది, అందుకే వర్షాధారంగా పండిన అనంతపురం కాయల విషయంలో ఏడాదిని బట్టి జాగ్రత్త పడాలి, నీళ్ళ కింద పండిన యాసంగి కాయల్లో ఈ బెడద తక్కువ. ప్రాసెసింగ్‌కు వెళ్ళే వేరుశనగలో కిలోకు 15 మైక్రోగ్రాములు దాటకూడదన్నది ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు. పెద్ద మిల్లుల్లో క్షారంతో శుద్ధి చేసినప్పుడు నూనెలోని ఈ విషం పోతుంది, మన గానుగ నూనెలో ఆ మెట్టు లేదు. “కెమికల్స్ లేని నూనె” అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన సరిపోదు, ఆ మాటకు తగ్గ గింజ కొనే బాధ్యత కూడా మనదే. విషంలో ఎక్కువ భాగం చెక్కలోకి పోతుంది, ఆ చెక్క పాడి గేదెకు పెడితే పాలల్లోకి దిగుతుంది. కాబట్టి ముడుచుకుపోయిన గుళ్ళు, రంగు మారినవి, బూజు పట్టినవి ఏరించడానికి కూలి ఇవ్వడానికి వెనకాడొద్దు. ఏరినవాటిని పశువుల దాణాలో కలపొద్దు కూడా.

నా కథ ఇక్కడిదే. మొదటి ఏడాది ఆగస్టులో ఒక వ్యాపారి కిలోకు ఆరు రూపాయలు తక్కువకి ఒలిచిన గుళ్ళు నలభై బస్తాలు ఇస్తానన్నాడు. చూడ్డానికి నిగనిగలాడుతున్నాయి. నిగనిగ ఎందుకో తర్వాత తెలిసింది, తేమ. వారం తిరక్కముందే బస్తాలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, పదిహేనో రోజుకి ముక్కిన వాసన. ఆడించిన నూనె చేదు. ముప్పై మంది కస్టమర్లకు డబ్బులు వెనక్కిచ్చాను, అందులో సగంమంది మళ్ళీ రాలేదు. ఆరు రూపాయల కోసం!

అప్పట్నుంచి నేను కాయలే కొంటాను, వారానికి సరిపడా మాత్రమే ఒలిపిస్తాను. కాయలో ఉన్న గింజ నెలల తరబడి నిలుస్తుంది, ఒలిచిన గుళ్ళు ఎండాకాలంలో కొన్ని వారాలకే వాసన మారతాయి. కాయ చెవిదగ్గర పెట్టి ఊపితే గలగలమనాలి, గింజ పంటికింద టక్కున విరగాలి, సాగితే తేమ ఉన్నట్టు. తేమ మీటరు కొంటే ఇంకా మంచిది, గుళ్ళలో ఏడు శాతం దాటితే నేను దించుకోను. చోటు లేక గుళ్ళే కొనాల్సివస్తే పెద్ద సైజు గుళ్ళకి ఎక్కువ డబ్బు పెట్టకండి, ఆ సైజు తినడానికి, ఎగుమతికి పనికొస్తుంది, నూనెకు చిన్న గుళ్ళైనా ఒకటే. బద్దలు ఇంకా చవక, కానీ అవి తొందరగా ముక్కిపోతాయి, తెచ్చిన రెండు మూడు రోజుల్లో ఆడించేయగలిగితేనే తీసుకోండి.

నువ్వులు

వ్యాపారం తెలిసినవాడికి నువ్వులు మంచి సరుకు, కొత్తవాడికి కాస్త మెలిక. మంచి సంగతులు ముందు. నువ్వుల నూనె నిలవుంటుంది. అందులో సహజంగానే నూనెను పాడవకుండా కాపాడే పదార్థాలున్నాయి, పల్లీనూనె కంటే నిశ్చింతగా షెల్ఫ్‌లో పెట్టుకోవచ్చు. పచ్చళ్ళ సీజన్ ఒకటి, కార్తీకమాసంలో దీపాలు ఒకటి, పిల్లలకు ఒంటికి రాయడానికి ఏడాది పొడవునా అడిగేవాళ్ళు కొందరు, ఇలా గిరాకీ నాలుగు వైపులనుంచి వస్తుంది.

చెక్క విషయంలో మాత్రం కోస్తావాళ్ళకున్న అదృష్టం మిగతావాళ్ళకు లేదు. తెలగపిండి అంటే ఈ నువ్వుల చెక్కే! మునగాకు వేసి వండితే పక్కన ఇంకేం అక్కర్లేదు, బాలింతలకైతే ఏరికోరి పెడతారు. పశువుల దాణా రేటుకి పోయే చెక్కను మనుషులు తినే సరుకుగా ప్యాకెట్ కట్టి అమ్మితే పై పట్టికలో 40 అని రాసిన అంకె ఎక్కడికో వెళ్తుంది, కిలో నూనెకు పడే గింజ ఖర్చు అంతే జోరుగా కిందికి దిగుతుంది. అయితే తినేదానికి ఇసుక పంటికింద పడకూడదు. నువ్వుల్లో ఇసుక, మట్టి సహజంగానే ఎక్కువ, కళ్ళంలోంచే వస్తుంది, కొన్నిసార్లు బస్తాలో కూడా “కలుస్తుంది”. రాళ్ళు తీసే మిషనో కనీసం మంచి జల్లెడో లేకుండా నువ్వుల జోలికి వెళ్ళొద్దు. క్వింటాకు మూడు కిలోల ఇసుక అంటే మద్దతు ధర లెక్కనే మూడొందల రూపాయలు నేల పాలు.

మెలిక ఏమిటంటే, నువ్వులు ఆడించడం చెయ్యి తిరిగితేనే వస్తుంది. గానుగలో నువ్వులు నలిగాక కాస్త బెల్లం వేస్తారు, పిండి ముద్దకట్టి నూనె వదలడానికి. ఎప్పుడు వెయ్యాలి, ఎంత వెయ్యాలి, నీళ్ళు ఎన్ని చిలకరించాలి అన్నది పుస్తకంలో దొరకదు. మా దగ్గర గానుగ నడిపే పెద్దాయన రోట్లో పిండి తిరిగే చప్పుడు విని చెప్పేస్తాడు, ఇప్పుడెయ్యండి బాబూ అని. నేను నేర్చుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఇప్పటికీ ఆయనకొచ్చే నూనె నాకు రాదు.

రంగు విషయం: నల్ల నువ్వులు దీపానికి, పూజలకి అడుగుతారు, వంటకు గోధుమరంగువి, తెల్లవి చాలు. తెల్ల నువ్వుల రేటు మిఠాయివాళ్ళు, ఎగుమతివాళ్ళు పెంచేస్తారు కాబట్టి నూనెకు గోధుమరంగువే లాభం. కొత్త పంటకోసం జగిత్యాల, నిజామాబాద్ వైపు ఎండాకాలం చివర్లో, ఉత్తరాంధ్ర వైపు ఖరీఫ్ కోతలప్పుడు చూడండి.

కొబ్బరి

దిగుబడి దీనికి దగ్గర్లోకి ఏదీ రాదు, వందకి అరవై. ఆడించడం తేలిక. అయినా తెలుగువాళ్ళం కొబ్బరినూనెతో పెద్దగా వండం, తలకే రాస్తాం, కాబట్టి ఒక ఇల్లు నెలకు కొనేది అర లీటరే. పల్లీనూనె కస్టమర్లకు పక్కన చేర్చి అమ్మే సరుకుగా బాగుంటుంది, దీనిమీదే గానుగ నడపాలంటే కోనసీమలో ఉండాలి, లేకపోతే ఆన్‌లైన్ అమ్మకం తెలిసుండాలి.

కోనసీమలోని అంబాజీపేట కొబ్బరి మార్కెట్లో రకాల పేర్లు వింటే బయటవాళ్ళకు తల తిరుగుతుంది. కొత్తకొబ్బరి క్వింటాళ్ళ లెక్క, కురిడీలో (గుండుగా ఎండిన కొబ్బరి) గండేరా, గటగట వెయ్యి కాయల లెక్క. గానుగకు కావలసింది నూనెకొబ్బరే, పట్టికలో మిల్లింగ్ కొబ్బరి అన్నది అదే. కురిడీ తినే సరుకు, దాన్ని గానుగలో పోయడం డబ్బు పోయడమే. తెల్లగా మెరిసిపోయే కొబ్బరిని చూసి మురిసిపోకండి, కొందరు బూజు పట్టకుండా గంధకం పొగ పెడతారు, ముక్కు దగ్గర పెట్టి చూస్తే తెలుస్తుంది. వానాకాలంలో ఆరబెట్టిన కొబ్బరి నేనసలు కొనను. ఎండాకాలం సరుకే ఎక్కువ తీసి పెట్టుకుంటాను, ఎటూ నూనెగా మారాక బాగా నిలుస్తుంది. ఇంకోటి, చలికాలంలో 24 డిగ్రీల కిందకు పోతే కొబ్బరినూనె పేరుకుంటుంది, ఏటా డిసెంబరులో “మీ నూనెలో డాల్డా కలిపారా” అని ఒకరైనా ఫోన్ చేస్తారు. సీసామీద ఒక ముక్క రాయించండి, టెన్షన్ తగ్గుతుంది.

కుసుమ, పొద్దుతిరుగుడు

కుసుమ తాండూరు, వికారాబాద్, జహీరాబాద్ చుట్టుపక్కలవాళ్ళకు తప్ప ఎవరికీ చెప్పను. పెంకు గట్టిది, నూనె పావువంతు కూడా కష్టమే, ముళ్ళ పంట కాబట్టి కోతకు మనుషులు దొరక్క రైతులు వదిలేస్తున్నారు, దానివల్ల సరుకు ఏటా దొరుకుతుందన్న భరోసా లేదు. అయితే హైదరాబాదులో గుండె జబ్బుల భయంతో దీన్ని వెతుక్కుని మరీ కొనే ఒక వర్గం ఉంది, వాళ్ళు రేటు గురించి పెద్దగా బేరమాడరు. పొలం దగ్గరే కొనగలిగి, హైదరాబాదులో అమ్మగలిగితే చెయ్యండి. నెలకు సరిపడా మాత్రమే తియ్యండి, ఈ నూనె తొందరగా వాసన మారుతుంది.

పొద్దుతిరుగుడు వద్దు. రిఫైన్డ్ పొద్దుతిరుగుడు నూనె చాలావరకు విదేశాలనుంచి ఓడల్లో వచ్చి పడుతుంది, మనకు గింజకే కిలో నూనెకు రెండొందలు పడుతుంటే ఆ ప్యాకెట్ రేటుతో పోటీ పడేదెలా? రుచి చూపించి గెలుద్దామన్నా దీనికి పల్లీకున్నంత రుచి లేదు.

ఆముదం గురించి ఒక హెచ్చరిక

నల్గొండ, మహబూబ్‌నగర్ వైపువాళ్ళు అడుగుతుంటారు, ఆముదాలు కూడా ఆడించొచ్చు కదా అని. వంటనూనె తీసే గానుగలో ససేమిరా వద్దు. ఆముదం చెక్కలో రైసిన్ అనే విషం ఉంటుంది, రోట్లో, పగుళ్ళలో మిగిలిపోయిన పిండి తర్వాత ఆడించే పల్లీ చెక్కలో కలిస్తే దాన్ని తిన్న పశువు ప్రాణానికే ముప్పు. వేప, కానుగ గింజలకీ అంతే, వేరే గానుగ, వేరే గది ఉంటేనే. ఆ చెక్కలు ఎరువుకే, దాణాకు కాదు.

ఎవరికి ఏది

రాయలసీమలోనో పాలమూరులోనో ఊళ్ళో ఉన్నవాళ్ళు, నిల్వకు గది ఉంటే, వేరుశనగ ఒక్కదానితో మొదలుపెట్టండి. రైతు దగ్గర కాయలు కొనండి, చెక్క మళ్ళీ ఆ రైతుకే అమ్మండి. రెండు వైపులా రవాణా మిగులుతుంది.

హైదరాబాద్, విజయవాడ లాంటి చోట అద్దె షాపులో గానుగ పెట్టేవాళ్ళకు కథ వేరు. గది చిన్నది, అద్దె ఎక్కువ, చెక్క కొనే పశువుల వాళ్ళు దగ్గర్లో ఉండరు. వీళ్ళకు పల్లీతోపాటు నువ్వులు తప్పనిసరి, ఎందుకంటే తెలగపిండి పట్నంలోనే మంచి రేటుకి పోతుంది. కొబ్బరి కొద్దిగా పెట్టుకోండి, కళ్ళముందు ఆడిస్తే ఆ వాసనకే జనం ఆగుతారు.

చేతిలో డబ్బు తక్కువగా ఉన్న మహిళా సంఘాలు, అప్పు చేసి దిగుతున్న కుర్రాళ్ళు, మీరు మొదటి ఏడాది గింజ కొనకండి. కూలికి ఆడించండి. రైతులు, ఇళ్ళవాళ్ళు తమ గింజ తెచ్చుకుంటారు, మీరు కిలోకింత అని తీసుకుంటారు, కొన్నిచోట్ల చెక్క వదిలేసి కూలి మాఫీ చేయించుకుంటారు. లాభం తక్కువే, కానీ సరుకు ముక్కిపోయే భయం మీది కాదు, పైగా ఏ ఊరి గింజ ఎంత నూనె వదులుతుందో వాళ్ళ ఖర్చుమీద నేర్చుకుంటారు.

అన్నిటికంటే ముందు, మిషన్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే, మీరు అనుకుంటున్న గింజ యాభై కిలోలు మీ ఊరి రేటుకే కొని దగ్గర్లోని గానుగకు తీసుకెళ్ళి కూలికి ఆడించండి. పక్కనే నిలబడండి. ఆడించేముందు గింజ, ఏరి పారేసిన తాలు, దిగిన నూనె, మిగిలిన చెక్క, నాలుగూ కాటా వేసి రాసుకోండి. నూనెను మూడు రోజులు తేర్చి మడ్డి తీశాక మళ్ళీ తూచండి, ఒకటి రెండు కిలోలు అక్కడే తగ్గుతుంది. ఆ చెక్కను మీ వీధిలో పాలవాళ్ళకు చూపించి ఎంతకు తీసుకుంటారో అడగండి. తర్వాత నా పట్టికలో అంకెలు కొట్టేసి మీవి రాసుకోండి.